వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్: ఏది కొనాలి, ఎలా బిగించాలి? మీటర్‌లో కనిపించే 14.7 ని నమ్మొచ్చా?

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకి సుమారు 30 కిలోమీటర్లు. ఈ రోడ్డు మీద కొత్త ఎస్‌యూవీలు ఎన్ని తిరిగినా, మధ్యలో పాత మారుతి 800, జెన్, ఎస్టీమ్ లాంటి కార్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. నాన్న కొన్న కారు అని అమ్మకుండా ఉంచుకున్నవాళ్లు కొందరు. పాత బండికి ఇంజన్ పని చేయించి పికప్ పెంచుకుందాం అనుకునే కుర్రాళ్లు కొందరు. ఇలాంటి పాత కార్లు నడిపేవాళ్ల నోట ఈ మధ్య ఒకే రకం కంప్లైంట్ వింటాం: "పొద్దున పూట బండి జర్క్ ఇస్తోంది, ఆక్సిలరేటర్ తొక్కితే వెంటనే లాగట్లేదు, మైలేజ్ కూడా పడిపోయింది."

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇంజన్ సౌండ్ విని, ప్లగ్ విప్పి రంగు చూసి, మిక్చర్ స్క్రూ అర చుట్టు తిప్పి ఇస్తాడు. ఈ పద్ధతిని తక్కువ చేయాల్సిన పనేం లేదు. ఇన్నేళ్లూ మన బండ్లు నడిచింది ఆ చెవి మీదే, ఆ కంటి మీదే. కాకపోతే ఆ చెవి, ఆ కన్ను అలవాటు పడింది పాత పెట్రోల్‌కి. ఇప్పుడు బంక్‌లో పోస్తున్నది అది కాదు.

సరిగ్గా ఇక్కడే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ అవసరం వస్తుంది. ఇది సైలెన్సర్ పైపులో బిగించే చిన్న పరికరం. ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువ పడుతోందా, తక్కువ పడుతోందా, ఎంత తేడాగా పడుతోంది అన్నది నంబర్‌తో సహా చెబుతుంది. డైనో ఉన్న ట్యూనింగ్ షాప్ కావాలంటే మన వైపు నుంచి బెంగళూరో హైదరాబాదో వెళ్లాలి. కాబట్టి ఇంటి దగ్గరే ట్యూన్ చేసుకునేవాళ్లకి ఇది చాలా పనికొస్తుంది. కానీ తప్పుగా బిగించినా, రీడింగ్‌ని తప్పుగా అర్థం చేసుకున్నా, ఇదే ఇంజన్‌ని పాడు చేయగలదు కూడా. అందుకే కొనేముందు ఒకసారి మొత్తం చూద్దాం.

ముందు బేసిక్స్: 14.7 అంటే ఏంటి, లాంబ్డా అంటే ఏంటి?

ఇథనాల్ కలవని మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్కనే ఎయిర్ ఫ్యూయల్ రేషియో, షార్ట్‌గా ఏఎఫ్ఆర్ అంటారు. గాలి ఇంతకంటే ఎక్కువైతే మిక్చర్ "లీన్", పెట్రోల్ ఎక్కువైతే "రిచ్".

లాంబ్డా ఇంకా సింపుల్. సరిగ్గా కావాల్సినంత గాలి ఉంటే లాంబ్డా 1.00. గాలి 10 శాతం ఎక్కువ ఉంటే 1.10, అంటే లీన్. 10 శాతం తక్కువ ఉంటే 0.90, అంటే రిచ్. ఇంధనం పెట్రోల్ అయినా, ఎల్‌పీజీ అయినా, సీఎన్‌జీ అయినా లాంబ్డా 1.00 అర్థం మారదు. ఏఎఫ్ఆర్ అయితే మారుతుంది: ఎల్‌పీజీకి సుమారు 15.5, సీఎన్‌జీకి సుమారు 17.2. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, అసలు కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మామూలు ఆక్సిజన్ సెన్సార్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఎక్కువగా కనిపించే మామూలు సెన్సార్‌ని న్యారోబ్యాండ్ అంటారు. రిచ్‌గా ఉంటే సుమారు 0.9 వోల్ట్, లీన్‌గా ఉంటే సుమారు 0.1 వోల్ట్ ఇస్తుంది. లాంబ్డా 1 దగ్గర ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకుతుంది. కూర రుచి చూసి "ఉప్పు ఎక్కువైంది" లేదా "తక్కువైంది" అని మాత్రమే చెప్పే మనిషి లాంటిది అనుకోండి. ఎంత ఎక్కువైందో చెప్పలేదు.

వైడ్‌బ్యాండ్‌లో రెండు భాగాలు ఉంటాయి. లోపల ఒక చిన్న గది, దానిలోని ఆక్సిజన్‌ని కొలిచే ఒక సెల్, ఆ గదిలోకి ఆక్సిజన్‌ని పంపించే లేదా బయటికి తోడే ఇంకో సెల్. కొలిచే సెల్ వోల్టేజ్‌ని కంట్రోలర్ ఎప్పుడూ 450 మిల్లీవోల్ట్‌ల దగ్గర నిలబెట్టాలని చూస్తుంది. అలా నిలబెట్టడానికి పంప్ సెల్‌కి ఎంత కరెంట్ పంపాల్సి వచ్చింది అన్నదే కొలత. కరెంట్ ఒక దిశలో వెళ్తే లీన్, ఇంకో దిశలో వెళ్తే రిచ్. ఇదంతా జరగాలంటే సెన్సార్ లోపల సెరామిక్ దాదాపు 750 నుంచి 780 డిగ్రీల వేడిలో ఉండాలి. అందుకే దానిలో హీటర్ ఉంటుంది. అందుకే సెన్సార్ ఒక్కటే కొంటే సరిపోదు, దాన్ని నడిపే కంట్రోలర్ కూడా తప్పనిసరి.

ఈ20 తో అసలు మారింది ఏంటి?

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో లాంచ్ అయింది. 2025 నాటికి దేశమంతా సగటున 20 శాతం బ్లెండింగ్‌కి చేరాం. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. కిలో ఇథనాల్‌కి సుమారు 9 కిలోల గాలి సరిపోతుంది. ఆ లెక్కన ఈ10 కి కావాల్సిన రేషియో సుమారు 14.1, ఈ20 కి సుమారు 13.5.

కార్బ్యురేటర్‌కి ఈ సంగతి తెలియదు. జెట్ రంధ్రం ఎంత ఉందో అంతే పెట్రోల్ వదులుతుంది. ఇథనాల్ లేని పెట్రోల్‌కి సరిగ్గా సెట్ చేసిన కార్బ్యురేటర్‌లో ఈ20 పోస్తే, లెక్క ప్రకారం మిక్చర్ 7 నుంచి 8 శాతం లీన్ అవుతుంది. ఈ10 కి సెట్ చేసి ఉంటే సుమారు 4 శాతం.

చిన్న నంబర్‌లాగే ఉంది కదా? ఫుల్ ఆక్సిలరేటర్‌లో లాంబ్డా 0.88 ఉండేలా సెట్ చేసిన ఇంజన్ అనుకోండి. అది ఇప్పుడు దాదాపు 0.95 కి వెళ్తుంది. పవర్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. చల్లటి ఇంజన్ మీద జర్క్‌లు వస్తాయి. లోడ్‌తో చాలాసేపు ఇలాగే నడిపితే వాల్వ్‌ల మీద భారం పడుతుంది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ కొంత తగ్గొచ్చు, కానీ లీన్ అవడం వల్ల పెరిగే వేడికి అది పూర్తి మందు కాదు.

మైలేజ్ విషయానికొస్తే, నీతి ఆయోగ్ 2021 లో ఇచ్చిన రోడ్‌మ్యాప్ ప్రకారం ఈ0 కోసం డిజైన్ చేసి ఈ10 కి సెట్ చేసిన కార్లలో 6-7 శాతం తగ్గుతుంది. ఈ10 కోసం డిజైన్ చేసి ఈ20 కి సెట్ చేసిన కార్లలో 1-2 శాతం. అంటే మైలేజ్ కాస్త పడినంత మాత్రాన మిక్చర్ పాడైందని కాదు. ఆ రెండిటికీ తేడా తెలుసుకోవాలంటే కొలవాల్సిందే.

ఇప్పుడు అసలు ట్రాప్ వినండి

చాలామంది ఈ20 కి 13.5 కావాలని ఎక్కడో చదివి, మీటర్‌లో 13.5 వచ్చేదాకా పెట్రోల్ పెంచుకుంటూ పోతారు. ఇది తప్పు.

వైడ్‌బ్యాండ్ మీటర్ కొలిచేది ఏఎఫ్ఆర్ కాదు, లాంబ్డా. ఆ లాంబ్డాని 14.7 తో గుణించి స్క్రీన్ మీద చూపిస్తుంది, అంతే. ట్యాంక్‌లో ఏ పెట్రోల్ ఉందో దానికి తెలియదు. కాబట్టి ఈ20 పోసిన కారులో కూడా మీటర్ 14.7 చూపిస్తే లాంబ్డా 1.00 అని అర్థం. అసలైన ఏఎఫ్ఆర్ అప్పుడు 13.5 ఉంటుంది, కానీ స్క్రీన్ మీద కనిపించేది 14.7 యే. మీరు స్క్రీన్ మీద 13.5 తెప్పిస్తే లాంబ్డా సుమారు 0.92. అంటే ఐడ్లింగ్‌లో, మామూలు రన్నింగ్‌లో 8 శాతం రిచ్. ప్లగ్‌లు నల్లబడతాయి, పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే అది పాడవుతుంది.

పరిష్కారం ఒక్క నిమిషం పని. మీటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లేని లాంబ్డాకి మార్చుకోండి. ఇక ఈ10, ఈ20, ఎల్‌పీజీ ఏది పోసినా 1.00 అంటే 1.00. కొనేముందు ఆ ఆప్షన్ ఉందో లేదో చూడటం మర్చిపోకండి.

మీకు ఇది నిజంగా అవసరమా?

నిజం చెప్పాలంటే చాలామందికి అవసరం లేదు.

మార్పులేం చేయని బీఎస్4, బీఎస్6 పెట్రోల్ కారు ఉంటే కొనొద్దు. ఆ ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌ని చూసి పెట్రోల్‌ని తనే సరిచేసుకుంటుంది. అనుమానం ఉంటే ఒక ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ కొని, ఫోన్‌లో యాప్ వేసి "లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్" చూడండి. అది ప్లస్ వైపు కొద్దిగా ఉంటే ఈ20 కి ఈసీయూ సర్దుకుందని అర్థం. ప్లస్ 15, 20 దాటి ఉంటే ఎయిర్ లీక్, ఫ్యూయల్ పంప్, ఇంజెక్టర్ లాంటి వేరే సమస్య ఉందేమో మెకానిక్‌కి చూపించాలి.

కార్బ్యురేటర్ కారు ఉండి, దాన్ని ఈ20 కి సరిగ్గా సెట్ చేసుకోవాలంటే వైడ్‌బ్యాండ్ బాగా పనికొస్తుంది. ఒక్క కారు కోసం కొనడం కంటే ఇద్దరు ముగ్గురు కలిసో, మెకానిక్ ఆయనే ఒకటి పెట్టుకునో వాడుకోవడం మంచిది. ట్యూనింగ్ అయ్యాక సెన్సార్ తీసి, ఆ రంధ్రానికి ప్లగ్ బిగించేయొచ్చు.

క్యామ్, ఇంజెక్టర్లు, టర్బో లాంటివి మార్చినవాళ్లకి, పిగ్గీబ్యాక్ లేదా స్టాండలోన్ ఈసీయూ పెట్టుకున్నవాళ్లకి తప్పనిసరి. వైడ్‌బ్యాండ్ లేకుండా మ్యాప్ మార్చడం అంటే కళ్లకి గంతలు కట్టుకుని ఘాట్ రోడ్డులో నడపడమే.

డీజిల్ కారుకి ఈ పద్ధతి వర్తించదు. డీజిల్ ఇంజన్ మామూలుగానే చాలా లీన్‌గా నడుస్తుంది, అక్కడ 1.00 టార్గెట్ కాదు.

ఏది కొనాలి?

రెండు విషయాలు విడివిడిగా చూడాలి: సెన్సార్, కంట్రోలర్.

సెన్సార్: మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి బాష్ ఎల్‌ఎస్‌యూ 4.2, ఎల్‌ఎస్‌యూ 4.9. పాతదైన 4.2 పోలిక కోసం బయటి గాలిని తీసుకుంటుంది. ఆ దారిలో ఆయిల్, పొగ, తేమ చేరితే రీడింగ్ పక్కకి జరుగుతుంది. 4.9 లో ఆ పోలిక ఆక్సిజన్‌ని సెన్సార్ తనే తయారు చేసుకుంటుంది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం నల్లరేగడి బురద ఉండే మన రోడ్లకి 4.9 యే సరైన ఎంపిక. ఎల్‌ఎస్‌యూ ఏడీవీ అనే ఇంకో రకం కూడా ఉంది, దాన్ని సపోర్ట్ చేసే కంట్రోలర్ ఉంటేనే తీసుకోండి. ఒకదానికి ఇంకోటి మార్చి పెడితే పని చేయదు. 4.2 కి డిజైన్ చేసిన కంట్రోలర్‌కి 4.9 తగిలించకూడదు.

నకిలీ సెన్సార్లు బాగా తిరుగుతున్నాయి. ట్యూనింగ్ కిట్లలో ఎక్కువగా కనిపించే 4.9 పార్ట్ నంబర్ 0 258 017 025. ఈ నంబర్ బాక్స్ మీదా, సెన్సార్ మీదా ఉందో చూడండి. మిగతాచోట్ల కంటే సగం కంటే తక్కువ ధరకి ఇస్తామంటే అనుమానించండి. డబ్బులు పోవడం ఒక్కటే కాదు సమస్య, నకిలీ సెన్సార్ చెప్పే తప్పు నంబర్‌ని నమ్మి మీరు ఇంజన్‌ని లీన్‌గా సెట్ చేసే ప్రమాదం ఉంది.

కంట్రోలర్: పేరున్న వాటిలో ఏఈఎం ఎక్స్ సిరీస్, ఇన్నోవేట్ ఎంటీఎక్స్-ఎల్ ప్లస్, ఇన్నోవేట్ ఎల్‌సీ-2, 14పాయింట్7 స్పార్టన్ ఉన్నాయి. మొదటి రెండూ మీటర్‌తో కలిపి వచ్చేవి. ఎల్‌సీ-2, స్పార్టన్ కంట్రోలర్లు, రీడింగ్ చూడటానికి ఈసీయూ, లాగర్ లేదా వేరే మీటర్ కావాలి. ఏఈఎం ఎక్స్ సిరీస్‌కి బయటి గాలిలో క్యాలిబ్రేషన్ చేయాల్సిన అవసరం లేదు. ఇన్నోవేట్ వాటికి చేయాలి. ఇలాంటి మీటర్ కిట్లు అమెరికాలో సుమారు 200 డాలర్ల రేంజ్‌లో ఉంటాయి. మన దగ్గరికి వచ్చేసరికి షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ కలుస్తాయి.

కొనేటప్పుడు ఈ నాలుగూ చూసుకోండి:

- డిస్‌ప్లేని లాంబ్డాకి మార్చుకునే ఆప్షన్ ఉందా?
- 0-5 వోల్ట్ అవుట్‌పుట్ ఉందా? లాగింగ్‌కి, ఈసీయూకి ఇది కావాలి.
- సెన్సార్ ఒక్కటే విడిగా మళ్లీ దొరుకుతుందా? సెన్సార్ అరిగిపోయే పార్ట్, మీటర్ కంటే ముందు అదే పోతుంది.
- వెల్డ్ చేయడానికి బంగ్, దాన్ని మూసే ప్లగ్ కిట్‌లోనే వస్తున్నాయా?

ఎక్కడ బిగించాలి?

కిట్ ఎంత మంచిదైనా, బిగించే చోటు తప్పైతే ఉపయోగం లేదు. సెన్సార్ కూర్చునే మందపాటి నట్టునే బంగ్ అంటారు. దాని థ్రెడ్ సైజ్ ఎం18×1.5. వెల్డింగ్ షాప్‌కి వెళ్లేముందు ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి:

దూరం: అన్ని సిలిండర్ల పైపులు కలిసిన తర్వాతే పెట్టాలి. ఇంజన్ ఎగ్జాస్ట్ పోర్ట్ నుంచి కనీసం 18 అంగుళాలు, అంటే సుమారు 45 సెంటీమీటర్లు దూరం ఉంటే మంచిది. మరీ దగ్గరైతే సెన్సార్ వేడికి త్వరగా పోతుంది. టర్బో ఉంటే టర్బో తర్వాత, ఇంకా దూరంగా, 36 అంగుళాల దాకా. టర్బో ముందు పెడితే అక్కడి ప్రెషర్ వల్ల రీడింగ్ తప్పుతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందే: దాని తర్వాత పెడితే మిగిలిన ఆక్సిజన్‌ని కన్వర్టర్ వాడేస్తుంది, మీకు నిజమైన రీడింగ్ రాదు.

సైలెన్సర్ చివర వద్దు: ఐడ్లింగ్‌లో బయటి గాలి పైపులోకి వెనక్కి వస్తుంది. మీటర్ లీన్ అని అబద్ధం చెబుతుంది.

కోణం: పైపుని గడియారం అనుకుంటే, సెన్సార్ 10 గంటలకి, 2 గంటలకి మధ్యలో ఉండాలి. అడ్డంగా పెట్టాల్సి వచ్చినా కనీసం 10 డిగ్రీలు వాలుగా, మొన కిందికి చూసేలా ఉండాలి. చల్లటి పైపులో చేరే నీటి చుక్క వేడి సెరామిక్ మీద పడితే అది పగిలిపోతుంది. కాలుతున్న పెనం మీద చల్లటి నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే.

ముందు లీకులు ఆపాలి: మేనిఫోల్డ్ గాస్కెట్, పైపు జాయింట్లలో లీక్ ఉంటే అక్కడి నుంచి గాలి లోపలికి వచ్చి రీడింగ్‌ని లీన్ చేస్తుంది. పాత కార్లలో ఇది చాలా కామన్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి జాయింట్ల దగ్గర టిక్ టిక్ సౌండ్ వస్తుందేమో వినండి. లీక్ ఆపడానికి సిలికాన్ పేస్ట్ వాడితే సెన్సార్‌కి హాని చేయనిదే అని డబ్బా మీద రాసి ఉండాలి. మామూలు సిలికాన్ ఆవిరి సెన్సార్‌ని పాడు చేస్తుంది.

వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సెన్సార్‌ని బంగ్‌లో ఉంచి వెల్డ్ చేయించొద్దు. బంగ్ థ్రెడ్ వంకర పోకుండా లోపల కిట్‌తో వచ్చిన ప్లగ్ బిగించి వెల్డ్ చేయమనండి. పూర్తిగా చల్లారాక సెన్సార్ పెట్టి, 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి. కొత్త సెన్సార్ థ్రెడ్‌కి గ్రీజ్ ముందే రాసి వస్తుంది. మళ్లీ రాయాల్సి వస్తే థ్రెడ్‌కి మాత్రమే, మొనకి అస్సలు తగలకూడదు.

వైరింగ్: ఇక్కడ షార్ట్‌కట్‌లు వద్దు

హీటర్ బాగా కరెంట్ తీసుకుంటుంది. కాబట్టి ఇగ్నిషన్ ఆన్ అయితేనే వచ్చే 12 వోల్ట్ లైన్ నుంచి, మాన్యువల్‌లో చెప్పిన ఫ్యూజ్‌తో, కుదిరితే రిలే పెట్టి ఇవ్వాలి. హారన్ వైరో, స్టీరియో వైరో దొరికింది కదా అని దానికి తగిలించొద్దు.

ఎర్త్ సరిగ్గా లేకపోతే 0-5 వోల్ట్ అవుట్‌పుట్‌లో తేడా వస్తుంది. మీటర్ ఒకటి చూపిస్తుంది, లాగర్ ఇంకోటి చూపిస్తుంది. ఈసీయూ ఉన్న కారైతే ఈసీయూ ఎర్త్ ఎక్కడుందో అక్కడికే ఇవ్వండి. కార్బ్యురేటర్ కారైతే ఇంజన్ బ్లాక్ మీద పెయింట్, తుప్పు గీకి ఇవ్వండి.

సెన్సార్ కనెక్టర్‌ని కట్ చేసి వేరే సాకెట్ వేయొద్దు. ఆ సెన్సార్‌కి ఫ్యాక్టరీలో చేసిన క్యాలిబ్రేషన్ రెసిస్టర్ ఆ కనెక్టర్ లోపలే ఉంటుంది. వైర్ చాలకపోతే ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనండి. వైర్లు పైపుకి తగలకుండా, కారు కింద రాళ్లకి తగిలేలా వేలాడకుండా పైకి కట్టేయండి.

ఇంకో ముఖ్యమైన రూల్: సెన్సార్ పైపులో ఉండి, దానికి పవర్ లేకుండా ఇంజన్ నడపకూడదు. హీటర్ ఆగిపోతే మసి పేరుకుని సెన్సార్ పోతుంది. మీటర్ తీసి పక్కన పెట్టాలంటే సెన్సార్ కూడా తీసి ప్లగ్ బిగించండి. అలాగే కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చోవద్దు.

మొదటి రీడింగ్: ఎంత ఉండాలి?

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక చూడండి. టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజన్‌కి స్టార్టింగ్ పాయింట్‌గా ఇవి పనికొస్తాయి:

- ఐడ్లింగ్, నిదానంగా క్రూజింగ్: లాంబ్డా 1.00 దగ్గర. పాత కార్బ్యురేటర్ కారుకి ఐడ్లింగ్‌లో 0.95 దాకా ఉన్నా సమస్య లేదు.
- ఫుల్ ఆక్సిలరేటర్: 0.85 నుంచి 0.90.
- టర్బో ఉంటే ఫుల్ లోడ్‌లో 0.78 నుంచి 0.82.

ఉదాహరణకి ఎమ్మిగనూరులో ఒకాయన దగ్గర కార్బ్యురేటర్ మారుతి 800 ఉందనుకుందాం. ఫుల్ ఆక్సిలరేటర్‌లో 0.95 చూపిస్తోంది, కావాల్సింది 0.88. పెట్రోల్ సుమారు 8 శాతం పెరగాలి. జెట్ వదిలే పెట్రోల్ రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వ్యాసం సుమారు 4 శాతం పెరిగితే చాలు. అంటే 1.00 మిల్లీమీటర్ జెట్ ఉంటే 1.04 దగ్గరి సైజ్ కొత్త జెట్ వెతకాలి. ఉన్న జెట్‌నే సూదితో గీకి పెద్దది చేయొద్దు, ఎంత పెరిగిందో మీకు తెలియదు, వెనక్కి తీసుకోనూ లేరు.

మన ఎండని కూడా లెక్కలోకి తీసుకోండి. మే మధ్యాహ్నం 42 డిగ్రీల్లో గాలి పలచబడుతుంది, కార్బ్యురేటర్ కొంచెం రిచ్ అవుతుంది. అదే జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీలు ఉంటే గాలి చిక్కగా ఉంటుంది. ఈ రెండిటికీ మధ్య మిక్చర్‌లో దాదాపు 4 శాతం తేడా వస్తుంది. కాబట్టి ఎండాకాలంలో "కరెక్ట్‌గా ఉంది" అని అంచు దాకా లీన్ చేసి వదిలేయకండి. చలికాలం పొద్దున అదే బండి ఇంకా లీన్ అవుతుంది. మొదట్లో చెప్పుకున్న ఆ పొద్దుటి జర్క్‌లకి ఈ20 తో పాటు ఇది కూడా ఒక కారణం.

మీటర్‌ని గుడ్డిగా నమ్మకూడని సందర్భం ఒకటుంది: మిస్‌ఫైర్. ఒక ప్లగ్ సరిగ్గా మండకపోతే ఆ సిలిండర్‌లోని గాలి వాడకుండానే బయటికి వస్తుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్‌ని చూసి లీన్ అంటుంది. మీరు పెట్రోల్ పెంచుతారు, మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు ప్లగ్‌లు, ప్లగ్ వైర్లు, టైమింగ్, వాల్వ్ క్లియరెన్స్ చూసుకుని, ఆ తర్వాతే మిక్చర్ ముట్టుకోండి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ముందు ఇంజన్ పని చేయించాలి. కాలిన ఆయిల్ సెన్సార్‌ని కూడా తినేస్తుంది.

రోడ్డు మీద టెస్ట్ చేసేటప్పుడు నడిపేవాళ్లు మీటర్ చూడొద్దు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి, లేదా ఫోన్‌తో మీటర్‌ని వీడియో తీసి ఆగాక చూసుకోండి.

పొల్యూషన్ టెస్ట్, రూల్స్ సంగతి

బీఎస్4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకి పొల్యూషన్ టెస్ట్‌లో హై ఐడిల్ దగ్గర లాంబ్డా కూడా చూస్తారు. అది 0.97, 1.03 మధ్య ఉండాలి. అంటే మీరు ఇంట్లో కొలిచే నంబర్, సర్టిఫికెట్ మీద వచ్చే నంబర్ ఒకే భాషలో ఉంటాయి. సెన్సార్ పెట్టడం కోసం క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం మాత్రం చేయొద్దు. తయారీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది.

ఇంకో మాట. మిక్చర్ సరిచేసినా పాత కార్లలోని రబ్బర్ ఫ్యూయల్ పైపులు, కార్బ్యురేటర్ గాస్కెట్లు ఇథనాల్‌కి గట్టిపడొచ్చు లేదా ఉబ్బొచ్చు. వాటి సంగతి ఏ సెన్సార్ చెప్పదు. జెట్ మార్చే రోజునే వాటిని కూడా చూపించండి.

ఫైనల్‌గా మా మాట

మామూలు బీఎస్6 కారు ఉంటే ఓబీడీ డాంగిల్ చాలు, ఈ ఖర్చు వద్దు. కార్బ్యురేటర్ కారు లేదా ట్యూన్ చేసిన ఇంజన్ ఉంటే ఒరిజినల్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్, లాంబ్డా చూపించే కంట్రోలర్ తీసుకోండి. డబ్బు తక్కువైతే మీటర్ ఫీచర్ల దగ్గర తగ్గించుకోండి, సెన్సార్ దగ్గర, వెల్డింగ్ దగ్గర తగ్గించుకోవద్దు. బిగించాక మొదట చేయాల్సిన పని డిస్‌ప్లేని లాంబ్డాకి మార్చడం. రెండోది, ఆ మీటర్ తీసుకెళ్లి మీ మెకానిక్‌కి చూపించడం. ఆయన ఇంజన్ సౌండ్ విని "లీన్‌గా ఉంది" అన్నప్పుడు మీటర్ కూడా 1.08 చూపిస్తే, ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నట్టు. అప్పుడు ధైర్యంగా స్క్రూ తిప్పమనండి.